దేవుడు మాట్లాడుతున్నాడని గుర్తుపట్టడం ఎలా? విశ్వాసుల కోసం మెట్టు మెట్టుగా

పోయిన డిసెంబరులో యవ్వనస్థుల కూడిక అయిపోయాక, చర్చి గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటున్న ఒక చెల్లి ఆగి అడిగింది: “అన్నా, అందరూ ‘ప్రభువు నాతో మాట్లాడాడు’ అని సాక్ష్యం చెప్తారు. నాకు ఒక్కసారి కూడా ఏమీ వినపడలేదు. నా రక్షణలోనే ఏదైనా లోపం ఉందా?” ఆ అమ్మాయికి ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. ఇంకోపక్క పై చదువుకి బెంగళూరులో సీటు వచ్చింది. వారంలోగా ఏదో ఒకటి తేల్చి చెప్పాలి. రాత్రుళ్ళు నిద్ర లేదు, ఒకటే టెన్షన్.

ఆ రోజు గుమ్మం దగ్గర నిలబడి చెప్పగలిగినంత చెప్పాను. మిగిలింది ఇక్కడ రాస్తున్నాను. ఇదే ప్రశ్నతో నేనూ చాలా ఏళ్ళు నలిగాను. ఒకసారి గట్టిగానే దెబ్బ తిన్నాను, ఆ సంగతి కింద చెప్తాను.

ముందు సమూయేలు సంగతి గుర్తు చేసుకోండి. షిలోహు మందిరంలో పడుకున్న ఆ పిల్లవాడు తనను ఎవరో పిలిస్తే మూడుసార్లు లేచి యాజకుడైన ఏలీ దగ్గరికి పరుగెత్తాడు. ఆ స్వరం ఏలీదే అనుకున్నాడు. మందిరంలోనే పెరుగుతున్నాడు, సేవ చేస్తున్నాడు, అయినా గుర్తుపట్టలేకపోయాడు. చూపు మందగించిన ఆ పెద్దాయన మూడోసారికి గ్రహించి, ఈసారి పిలుపు వస్తే ఏమనాలో నేర్పాడు. అంటే దేవుని స్వరాన్ని గుర్తుపట్టడం ఎవరో దగ్గరుండి నేర్పితే వచ్చేది కూడా. మీకు ఇంకా తెలియడం లేదంటే మీ రక్షణలో లోపం ఉన్నట్టు కాదు. సమూయేలుకి కూడా మొదటి మూడుసార్లు తెలియలేదు.

మెట్టు 1: అడిగే ముందే నిర్ణయం అయిపోయిందేమో చూసుకోండి

యిర్మీయా 42వ అధ్యాయం ఒకసారి నిదానంగా చదవండి. యెరూషలేము కూలిపోయాక మిగిలిన జనం యిర్మీయా దగ్గరికి వచ్చి, “దేవుణ్ణి అడుగు, మేలైనా కీడైనా ఆయన చెప్పినట్టే చేస్తాం” అన్నారు. పది రోజుల తర్వాత జవాబు వచ్చింది: ఐగుప్తుకు వెళ్ళకండి, ఇక్కడే ఉండండి. వెంటనే వాళ్ళు “నువ్వు అబద్ధమాడుతున్నావు” అన్నారు. అడగడానికి ముందే వాళ్ళు ఐగుప్తు దారి పట్టి బేత్లెహేము దగ్గర దిగి ఉన్నారని అంతకుముందు అధ్యాయంలోనే ఉంది. మూటలు కట్టుకున్నాక ప్రార్థన చేయించుకున్నారన్న మాట.

మనమూ ఇదే చేస్తాం. అడ్వాన్స్ ఇచ్చేశాక పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి “ప్రార్థన చేయండి అయ్యగారూ, దేవుని చిత్తమో కాదో” అంటాం.

అందుకని మొదట ఒక కాగితం తీసుకుని రెండు వాక్యాలు రాయండి. నాకు నిజంగా ఏది కావాలని ఉంది? దేవుడు దానికి వ్యతిరేకంగా చెప్తే నేను ఏం చేస్తాను? రెండోదానికి నిజాయితీగా “బాధపడతాను కానీ ఒప్పుకుంటాను” అని రాయగలిగితే ముందుకు వెళ్ళండి. రాయలేకపోతే ఆ రోజు ప్రార్థన ఇంకేమీ వద్దు, “ప్రభువా, ఒప్పుకునే మనసు ఇవ్వు” అంటే చాలు. కొందరికి ఈ ఒక్క మెట్టుకే నెల పడుతుంది. పట్టనివ్వండి.

మెట్టు 2: వాక్యాన్ని వాక్యంగా చదవండి

దేవుడు మాట్లాడే దారులన్నిటిలో ఇదే పెద్దది. మిగిలినవన్నీ దీని ముందు నిలబడి తేల్చుకోవలసినవే. అందుకే ఎక్కువ తప్పులు కూడా ఇక్కడే జరుగుతాయి.

డిసెంబరు 31 రాత్రి ఆరాధన మనందరికీ తెలిసిందే. పన్నెండు దాటగానే పళ్ళెంలో వాగ్దాన కార్డులు వస్తాయి. కళ్ళు మూసుకుని ఒకటి తీసి, ట్యూబులైటు కిందికి వెళ్ళి చదువుకుంటాం. నాకు ఇరవై ఆరేళ్ళప్పుడు వచ్చిన కార్డు మీద “ఇదిగో తలుపు నీయెదుట తీసియుంచియున్నాను” అని ఉంది. అప్పట్లో ఒక స్నేహితుడు వ్యాపారంలో భాగస్వామిగా రమ్మంటున్నాడు. ఇంకేం, దేవుడు తలుపు తీశాడనుకున్నాను. నాన్న వద్దన్నారు, లెక్కలు సరిగా లేవన్నారు. నాన్నది అవిశ్వాసం అనుకున్నాను. దాచుకున్న మూడు లక్షలూ పెట్టాను. పద్నాలుగు నెలల్లో మొత్తం పోయింది, ఆ స్నేహం కూడా పోయింది.

తర్వాత చాలా రోజులకు ప్రకటన 3వ అధ్యాయం మొత్తం చదివాను. ఆ మాట ఫిలదెల్ఫియలో ఉన్న ఒక సంఘానికి చెప్పింది. వాళ్ళకున్న శక్తి కొంచెమే అయినా ప్రభువు మాట గైకొన్నారు, ఆయన నామాన్ని కాదనలేదు. ఆ తలుపు వాళ్ళ నమ్మకత్వానికి సంబంధించింది. నా పెట్టుబడి ఊసు అందులో ఎక్కడా లేదు. కార్డు తప్పు కాదు, అచ్చువేసిన వాళ్ళ తప్పూ కాదు. నేను ఒక్క ముక్కను తుంచుకుని, దాని వెనక ఉన్న పేజీని వదిలేశాను.

ఎక్కువ ఇళ్ళ గోడల మీద కనిపించే యిర్మీయా 29:11 కూడా అంతే. “సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు” అన్న మాట బబులోనుకు చెరపట్టుకుపోయిన వాళ్ళకు రాసిన ఉత్తరంలోది. దానికి ముందు వచనమే డెబ్బై ఏళ్ళు అంటుంది. ఇంకాస్త పైన, ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మీరున్న ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి అని ఉంది. ఆ ఉత్తరం అందుకున్న పెద్దవాళ్ళలో చాలామంది తిరిగి యెరూషలేమును చూడకుండానే కన్నుమూసి ఉంటారు. ఆ సంగతి తెలిసి చదివితే ఆ వచనం బలం తగ్గదు, ఇంకా పెరుగుతుంది. వెంటనే బయటపడకపోయినా దేవుడు మరచిపోలేదన్న ధైర్యం అది.

సాతాను కూడా యేసుప్రభువుతో కీర్తన 91లోని మాటలే పలికాడు. వచనం నోట రావడం ఒక్కటే రుజువు కాదు.

మరి చదవడం ఎలా? నేను చేసేది చెప్తాను. ఒక పుస్తకం మొదలుపెట్టి చివరిదాకా వరసగా చదువుతాను, రోజుకు ఒక అధ్యాయం. బైబిలు తెరిచి కళ్ళు మూసి వేలు పెట్టే పద్ధతి మానేశాను. ఆ అధ్యాయం ఎవరు, ఎవరితో, ఎందుకు చెప్పారో ఒక వరసలో రాసుకుంటాను. తర్వాత రెండోసారి నెమ్మదిగా, పెదవులు కదిలేలా చదువుతాను. ఎక్కడైనా ఒక మాట పట్టుకుని వదలకపోతే అక్కడే ఆగుతాను. ఆ మాట నన్ను ఏదైనా మానమంటోందా, ఏదైనా చెయ్యమంటోందా, దేవుని గురించి నాకు తెలియనిది చూపిస్తోందా అని అడుగుతాను. ఎక్కువసార్లు జవాబు నేను అడిగిన ప్రశ్నకు రాదు. ఉద్యోగం గురించి అడిగితే, తమ్ముడితో మాటలు మానేసిన సంగతి బయటికి వస్తుంది. అది తప్పించుకోవద్దు. ఆ రోజు ఆయన మాట్లాడింది దాని గురించే.

మెట్టు 3: లోపలి మెల్లని స్వరాన్ని దేనితో పోల్చి చూడాలి?

హోరేబు కొండ దగ్గర ఏలీయా ముందు బలమైన గాలి వీచింది, భూమి కంపించింది, అగ్ని వచ్చింది. యెహోవా వాటిలో లేడు. ఆ తర్వాత “మిక్కిలి నిమ్మళముగా మాటలాడు ఒక స్వరము”. ఆ స్వరం మొదట అడిగింది ఒక ప్రశ్న: ఏలీయా, ఇక్కడ ఏం చేస్తున్నావు? పారిపోయి వచ్చినవాడిని అంత సౌమ్యంగా అడగడం నాకు ఎప్పుడు చదివినా కన్నీళ్ళు తెప్పిస్తుంది.

మా అమ్మ నాలుగున్నరకే లేచి వంటగదిలో పీట మీద కూర్చుని ప్రార్థన చేసేది. మా గదిలోకి మాటలు వినపడేవి కావు. గాజుల చప్పుడు, మధ్యలో చాలాసేపు ఏమీ లేకపోవడం. ఏం చేస్తున్నావమ్మా అని అడిగితే, “నేను చెప్పాల్సింది అయిపోయింది, ఆయన చెప్పేదాకా కూర్చున్నా” అంది. మన ప్రార్థనలో లేనిది ఆ రెండో సగమే. ఫోను ఇంకో గదిలో పెట్టి, అడగాల్సింది అడిగి, ఊరికే పది నిమిషాలు కూర్చోండి. మొదటి వారం కరెంటు బిల్లు, ఆఫీసు పని తప్ప ఇంకేమీ గుర్తు రావు. వాటిని పక్కన ఒక కాగితం మీద రాసిపెట్టి మళ్ళీ కూర్చోండి.

లోపల కలిగిన ఆలోచన ఎవరిదో తేల్చుకోవడానికి, ఏళ్ళ తరబడి రాసుకున్న నోట్‌బుక్కులు తిరగేసి చూస్తే నాకు కనిపించినవి ఇవి. దేవుని నుంచి వచ్చిన మాట ఆగి నిలబడుతుంది. ఇవాళ కాకపోతే రేపు చేద్దామన్నా దాని బలం పోదు. నా కోరిక తొందరపెడుతుంది, “ఇప్పుడే, ఈ రాత్రే” అంటుంది. ఇక నిందించే స్వరం “నువ్వు ఎందుకూ పనికిరావు” అని మొత్తం మనిషిని కొట్టేస్తుంది, ఏ పాపమో చెప్పదు, దారి చూపించదు. పరిశుద్ధాత్మ ఒప్పించేటప్పుడు ఫలానా రోజు, ఫలానా మాట అని వేలు పెట్టి చూపిస్తాడు, వెళ్ళి క్షమాపణ అడుగు అంటాడు. ఈ తేడా తెలియక ఎంతోమంది మంచి విశ్వాసులు నిందను దేవుని స్వరమనుకుని కుంగిపోతున్నారు.

“సమాధానం ఉంది కాబట్టి దేవుని చిత్తమే” అనే మాట మన మధ్య ఎక్కువ వినిపిస్తుంది. క్రీస్తు సమాధానం హృదయంలో ఏలనియ్యండి అని కొలస్సీ పత్రికలో ఉన్న మాట నిజమే. కానీ యోనా దేవుని నుంచి పారిపోతూ ఓడ అడుగున హాయిగా నిద్రపోయాడు. గెత్సేమనేలో ప్రభువు తండ్రి చిత్తానికి లోబడుతూ చెమటలు కక్కాడు. మనసు తేలికపడటాన్ని సమాధానమని పొరబడకండి.

ఇంకొక మాట చాలా సీరియస్‌గా చెప్తున్నాను. నీకు నువ్వు హాని చేసుకో, ఇంకొకరికి హాని చెయ్యి, మందులు మానెయ్యి అని చెవిలో వినపడితే అది పరీక్షించవలసిన స్వరం కాదు, వెంటనే ఇంట్లోవాళ్ళకు చెప్పి మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళవలసిన సంగతి. వైద్యం చేయించుకోవడం అవిశ్వాసం కాదు. సువార్త రాసిన లూకా వైద్యుడే.

మెట్టు 4: ఒంటరిగా తేల్చవద్దు

అంతియొకయ సంఘం ఉపవాసముండి ఆరాధిస్తున్నప్పుడు బర్నబాను, సౌలును (తర్వాత పౌలు అని పిలవబడినవాడు) వేరు చేయమని ఆత్మ చెప్పాడు. ఆ మాట విన్నది కూడి ఉన్న సంఘం. యెరూషలేము పెద్దలు చర్చించి, వాదించుకుని, చివరికి రాసిన ఉత్తరంలో “పరిశుద్ధాత్మకును మాకును తోచెను” అన్నారు. ఆ “మాకును” అన్న మాటలో ఎంత వినయం, ఎంత పని ఉందో చూడండి.

అందుకని ఇద్దరిని ఎంచుకోండి. ఒకరు మీ కంటే విశ్వాసంలో పెద్దవారు, మీకు “కాదు” అని చెప్పే ధైర్యం ఉన్నవారు. ఇంకొకరు ఆ విషయం తెలిసినవారు. ఇల్లు కొనడానికి కాగితాలు చదవగలిగిన మనిషి కావాలి. సామెతల గ్రంథం ఆలోచన చెప్పేవారి గురించి అన్నిసార్లు చెప్పింది ఇందుకే. మా నాన్న లెక్కలు సరిగా లేవని చెప్పిన రోజు దేవుడు నాతో మాట్లాడాడు. నేను కార్డు పట్టుకుని కూర్చున్నాను.

ఇక “నీ గురించి ప్రభువు నాకు చూపించాడు” అని ఎవరైనా వస్తే? తోసిపుచ్చవద్దు, అలాగని మింగేయవద్దు. ప్రవచనాన్ని నిర్లక్ష్యం చేయవద్దన్న పౌలే, వెంటనే “సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి” అన్నాడు. 1 రాజులు 13లో యూదా నుంచి వచ్చిన దైవజనుడికి దేవుడు స్పష్టంగా చెప్పాడు: బేతేలులో తినవద్దు, తాగవద్దు, వచ్చిన దారిన తిరిగి వెళ్ళవద్దు. ఒక వృద్ధ ప్రవక్త “దేవదూత నాకు చెప్పాడు, మా ఇంటికి భోజనానికి రా” అన్నాడు. అబద్ధం. నమ్మి వెళ్ళినవాణ్ణి దారిలో సింహం చంపింది. చెప్పినవాడు ముసలివాడే, ప్రవక్తే, దేవదూత పేరే వాడాడు. దేవుడు తనతో నేరుగా చెప్పినదాన్ని ఎవరి మాట మీదా వదులుకోకూడదని ఆ అధ్యాయం నాకు నేర్పింది.

మూడు చోట్ల అసలు మెత్తబడవద్దు. ప్రవచనం చెప్పి డబ్బు అడిగితే, ఎవరికీ చెప్పవద్దని కట్టడి చేస్తే, “నిన్ను పెళ్ళి చేసుకోమని దేవుడు నాకు చెప్పాడు” అని ఒత్తిడి పెడితే. ముఖ్యంగా చెల్లెళ్ళకు చెప్తున్నాను: ఆయన నిజంగా చెప్పి ఉంటే మీకూ చెప్తాడు. మీకు ఇష్టం లేదని చెప్పడం దేవుణ్ణి ఎదిరించడం కాదు.

మెట్టు 5: పరిస్థితులను చివర్లో చూడండి

తలుపు తెరుచుకుంటే దేవుని చిత్తం, మూసుకుంటే కాదు అని లెక్క వేసుకోవడం తేలిక. యోనాకు యొప్పేలో తర్షీషు వెళ్ళే ఓడ సిద్ధంగా దొరికింది, చేతిలో ఓడ కిరాయికి డబ్బు కూడా ఉంది. ఏన్గెదీ గుహలో, దావీదును చంపాలని తరుముతున్న సౌలు రాజు తనంతట తానే అతని చేతికి చిక్కాడు. “యెహోవా చెప్పిన దినం ఇదే” అన్నారు పక్కనున్నవాళ్ళు. అందరికీ సూచనలాగే కనిపించింది. దావీదు అంగీ చెంగు కోసినందుకే మనసు నొచ్చుకుని వెనక్కి తగ్గాడు. అభిషిక్తుణ్ణి చంపకూడదన్న సంగతి అతనికి ముందే తెలుసు, అంతగా కలిసివచ్చిన అవకాశం కూడా దాన్ని మార్చలేకపోయింది.

తిరగేసి చూసినా ఇంతే. పౌలును ఆసియాలో వాక్యం చెప్పవద్దని ఆత్మ ఆపాడు, బితూనియకూ వెళ్ళనివ్వలేదు. త్రోయలో మాసిదోనియ మనిషి దర్శనంలో కనిపించి రమ్మన్నాడు. వెళ్ళారు. ఫిలిప్పీలో బెత్తాలతో కొట్టించి, కాళ్ళకు బొండ వేసి జైల్లో పెట్టారు. సరిగ్గా విన్నందుకే అక్కడున్నారు. కష్టం రాగానే “నేను తప్పుగా విన్నానేమో” అనుకునేవాళ్ళు అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం మళ్ళీ చదవాలి.

మన తెలుగు నేల మీద జరిగింది ఒకటి చెప్పాలి. పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో అమెరికన్ బాప్టిస్టులు తమ తెలుగు మిషన్‌ను మూసేయాలని ఒకసారి కాదు, పలుసార్లు చర్చించారు. అన్నేళ్ళకూ విశ్వాసులు కొద్దిమందే. పరిస్థితులను చూస్తే మూసుకున్న తలుపే. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆ మిషన్‌కు చెందిన లైమన్ జూవెట్ దంపతులు, వెంట వచ్చిన కొద్దిమంది తెలుగు విశ్వాసులతో ఒంగోలులో కొండ ఎక్కి, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. దాన్ని ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు. వాళ్ళు అడిగిన ఆ సేవకుడు, మిషనరీ జాన్ క్లౌ, ఒంగోలులో స్థిరపడింది 1866లో. పన్నెండేళ్ళు.

ఆ తర్వాతది నాకు ఇంకా ముఖ్యం. 1876–78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ పనిలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి కల్పించాడు. బాప్తిస్మం ఇమ్మని జనం గుంపులుగా వచ్చారు. ఇంతకంటే తెరిచిన తలుపు ఏముంటుంది? ఆయన ఆపేశాడు. తిండి కోసం వచ్చారో ప్రభువు కోసం వచ్చారో తేలాలని, సహాయం పంచే పని ముగిసేదాకా ఏడాదికి పైగా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అదయ్యాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మన చాలా కుటుంబాల విశ్వాసం వెనక ఆ నది ఉంది. జూవెట్ మూసుకున్న తలుపు దగ్గర ఆగిపోలేదు, క్లౌ తెరిచిన తలుపులోకి పరుగెత్తలేదు.

మెట్టు 6: కలలు, దర్శనాలు

వీటి మీద సంఘాలకు సంఘాలకు అభిప్రాయ భేదం ఉంది. బైబిలులో ఉన్నాయి, ఇప్పుడూ జరుగుతాయని నేను నమ్ముతాను. 1904 డిసెంబరులో పంజాబులోని రాంపూర్‌లో, తెల్లారితే రైలు కింద తల పెడదామనుకున్న పదిహేనేళ్ళ సుందర్ సింగ్‌కు ప్రభువు కనిపించాడని ఆయన జీవితాంతం చెప్పాడు. కానీ రోజూ వచ్చే కలల్లో ఎక్కువ భాగం పగటి అలసటే.

పేతురు దర్శనం నమూనాగా పెట్టుకోండి. మిద్దె మీద, మధ్యాహ్నం, ఆకలి వేళ. మూడుసార్లు వచ్చింది. అర్థం కాక ఆలోచిస్తూనే ఉన్నాడు, అర్థం కల్పించుకోలేదు. కొర్నేలి అనే శతాధిపతి పంపిన మనుషులు తలుపు దగ్గరికి వచ్చాకే అది తేటపడటం మొదలైంది. వెళ్ళేటప్పుడు ఆరుగురు సహోదరులను వెంట తీసుకెళ్ళాడు. మీకు కల వస్తే లేవగానే రాయండి, తేదీ వేయండి, ఇద్దరికి చెప్పండి, కల చెప్పింది కదా అని పెద్ద నిర్ణయం చేయకండి. అర్థం కావాల్సినదైతే పేతురుకు అయినట్టే అవుతుంది.

మెట్టు 7: రాయండి, చిన్న అడుగు వేయండి, మౌనంలో ఆగండి

ఇరవై రూపాయల నోట్‌బుక్కు చాలు. ఎడమ పేజీలో తేదీ, అడిగిన సంగతి, ఏ మాట తగిలింది, ఎవరు ఏమన్నారు. కుడి పేజీ ఖాళీగా వదలండి. మూడు నెలలకో, ఆరు నెలలకో వెనక్కి వచ్చి అక్కడ ఏం జరిగిందో రాయండి. “దేవుడు చెప్పాడు” అని రాయవద్దు, “దేవుడు చెప్పాడనుకుంటున్నాను” అని రాయండి. నా పుస్తకాల్లో ఆ అనుకున్నవాటిలో తప్పులు చాలానే ఉన్నాయి. ఏయే సమయాల్లో తప్పు విన్నానో అవి చూస్తేనే తెలిసింది: అప్పు ఉన్నప్పుడు, ఎవరిమీదో కోపం ఉన్నప్పుడు, నిద్ర చాలనప్పుడు.

నాలుగూ ఒకే వైపు చూపిస్తుంటే, అంటే వాక్యం, లోపలి మాట, నమ్మకమైన మనుషులు, పరిస్థితులు, ఇక సూచనలు అడగకుండా వెనక్కి తీసుకోగలిగినంత చిన్న అడుగు వేయండి. గిద్యోను సూచన కోసం గొర్రెబొచ్చు పరిచింది దేవుడు అప్పటికే స్పష్టంగా చెప్పాక, అతని భయం వల్ల. దేవుడు దయతో ఓర్చుకున్నాడు. అది మనకు పద్ధతి కానక్కరలేదు.

ఏ వైపునుంచీ ఏమీ రాకపోతే? ఆఖరుసారి ఆయన స్పష్టంగా చెప్పింది ఏమిటో నోట్‌బుక్కులో వెతికి, అది చేశారో లేదో చూడండి. చేసి ఉంటే, వాక్యం నిషేధించని రెండు దారుల్లో జ్ఞానంతో ఒకటి ఎంచుకునే స్వేచ్ఛ మీకుంది. యాకోబు జ్ఞానం అడగమన్నాడు, ఇస్తాడన్నాడు. ఏ దారిన వెళ్ళినా కాపరి వెంట వస్తాడు.

ఆ చెల్లి బెంగళూరు వెళ్ళింది. స్వరం వినలేదు. రూతు గ్రంథం మొత్తం చదివింది, వాళ్ళ పెద్దమ్మతోనూ పాస్టరమ్మగారితోనూ మాట్లాడింది, ఇంట్లో అమ్మానాన్నలను కూర్చోబెట్టి తన మనసులో మాట మొదటిసారి భయపడకుండా చెప్పింది. వాళ్ళు రెండేళ్ళు ఆగుదామన్నారు. మొన్న ఫోన్ చేసి, నోట్‌బుక్కులో కుడి పేజీ ఎప్పుడు నింపాలన్నా అని అడిగింది. జూన్‌లో సెలవులకు వచ్చినప్పుడు ఇద్దరం కూర్చుని చూద్దామన్నాను.